ఫండ్ల కమీషన్‌ది బత్తాయి కాపు

మ్యూచువల్ ఫండ్లు అమ్మితే నెలకు ఎంత మిగులుతుంది? మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో తరచూ వినపడే ఈ ప్రశ్న త్రిపురారం లాంటి మండల కేంద్రాల దాకా వచ్చింది. అడిగేవాళ్లలో ప్రైవేటు బడి పంతుళ్లున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు, మీసేవ కేంద్రం నడిపే కుర్రాళ్లున్నారు, ఏళ్లుగా ఎల్ఐసీ పాలసీలు చేయిస్తున్న ఏజెంట్లున్నారు. వాళ్ల ఆశకు కారణం లేకపోలేదు. దేశంలో ఫండ్ల చేతిలో ఉన్న సొమ్ము 2014 మేలో 10 లక్షల కోట్ల రూపాయలు. 2025 చివరికి అది 80 లక్షల కోట్ల దరిదాపుల్లో ఉంది. 2025 సెప్టెంబరు ఒక్క నెలలో, నెలనెలా ఇంత అని కట్టే సిప్‌ల ద్వారా వచ్చింది 29,361 కోట్లు. ఇంత ఏరు పారుతుంటే మన వైపు ఒక తూము పెట్టుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. తూము వెడల్పెంతో, నీళ్లు ఏ నెలలో వదులుతారో ముందే తెలుసుకోవడం మంచిది.

పనిలో చేరడం తేలిక. జాతీయ సెక్యూరిటీస్ మార్కెట్ల సంస్థ, అంటే ఎన్ఐఎస్ఎం, నిర్వహించే ‘సిరీస్ 5-ఏ’ పరీక్ష రాయాలి. రెండు గంటల్లో 100 ప్రశ్నలు, 50 మార్కులొస్తే గట్టెక్కినట్టే. రుసుము 1,500 రూపాయలు. తర్వాత ఫండ్ కంపెనీల సంఘమైన యాంఫీ దగ్గర నమోదు చేసుకుంటే ఏఆర్ఎన్ అనే నంబరు వస్తుంది. దాన్ని మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. దుకాణం అద్దె లేదు, సరుకు నిల్వ లేదు, డిపాజిట్ కట్టనక్కర్లేదు. ఎరువుల కొట్టు పెట్టడానికి కావాల్సిన పెట్టుబడిలో నూరో వంతు కూడా ఇక్కడ అక్కర్లేదు. అసలు ఇబ్బంది ఆదాయం మొదలయ్యే తీరులో ఉంది.

లెక్క వేద్దాం. ఒక ఏజెంటు ఏడాది మొదట్లోనే, ఎలాగో, వంద మందిచేత నెలకు 2,000 చొప్పున ఈక్విటీ ఫండ్‌లో సిప్ మొదలుపెట్టించాడనుకుందాం. మండల కేంద్రంలో వంద మందిని ఒప్పించడం మాటలు కాదు, అయినా అనుకుందాం. నెలకు 2 లక్షలు చేరుతాయి. ఫండ్ కంపెనీలు ఇప్పుడిచ్చేది ‘ట్రెయిల్’ కమీషన్ మాత్రమే. మదుపరి సొమ్ము ఫండ్‌లో ఉన్నంతకాలం, ఆనాటి విలువ మీద, ఏడాదికి ఇంత శాతం అని ఇస్తారు. అది ఫండ్‌నుబట్టి మారుతుంది. 0.8 శాతం అనుకుంటే, తొలి ఏడాది సగటు నిల్వ 13 లక్షలు కాబట్టి కమీషన్ ఏడాది మొత్తానికి 10,400 రూపాయలు. అంటే నెలకు 900 కూడా రాదు. ఐదేళ్లపాటు ఒక్కరూ ఆపకుండా, ఒక్కరూ తీసుకోకుండా కట్టి, మార్కెట్ ఏటా 10 శాతం పెరిగిందనుకుంటే నిల్వ కోటిన్నర దాటుతుంది. అప్పుడు నెలకు 10,000 వస్తుంది.

అదే వంద మందిచేత అదే 2,000 పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో కట్టించే మహిళా ప్రధాన్ ఏజెంటుకు 4 శాతం కమీషన్ ఉంది. మొదటి నెల నుంచే 8,000. అదే సొమ్ము ఎండోమెంటు పాలసీల ప్రీమియంగా కట్టిస్తే తొలి ఏటి కమీషన్ ప్రీమియంలో పావు వంతుకు అటూ ఇటూగా ఉంటుంది, అంటే 24 లక్షల మీద దాదాపు 6 లక్షలు. మన ఊళ్లలో ఇంటి పేరుతో పాటు ‘ఎల్ఐసీ’ అని కలిపి పిలిచే మనిషి ఒకరైనా ఎందుకుంటారో, ఫండ్ల మనిషి అలా ఎందుకు కనపడరో ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద వరి వేసిన రైతు నాలుగు నెలలకు పైసలు చూస్తాడు. నల్లగొండ మెట్టలో బత్తాయి పెట్టినవాడు నాలుగైదేళ్లు మొక్కలకు నీళ్లు పోస్తూ, అప్పటిదాకా ఇంటి ఖర్చు వేరే దారిలో చూసుకుంటాడు. కాపు మొదలయ్యాక తోట ఏళ్ల తరబడి ఇస్తుంది, కాకపోతే ధర పడిపోయిన ఏడాదీ ఉంటుంది. ఫండ్ల కమీషన్‌ది సరిగ్గా ఆ బత్తాయి స్వభావం. దాన్ని వరి అని చెప్పి అంటగట్టేవాళ్ల వల్లే చిక్కు.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. 2009 జులై దాకా మదుపరి కట్టిన ప్రతి నూరు రూపాయల్లో 2 రూపాయల 25 పైసల దాకా ‘ఎంట్రీ లోడ్’ పేరుతో ముందే కోసి ఏజెంటుకు ఇచ్చేవారు. ఆ రోజుల్లో ఏజెంటుకు లాభసాటి పని ఏమిటంటే, పాత ఫండ్‌లోంచి తీయించి కొత్త ఫండ్‌లో పెట్టించడం. పది రూపాయలకే యూనిట్ వస్తోందని, అది చవక అని నమ్మించి కొత్త పథకాలు ఎన్ని అమ్మారో ఆ తరం మదుపరులకు గుర్తుండే ఉంటుంది. 2009 ఆగస్టు 1 నుంచి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఆ కోత రద్దు చేసింది. చాలామంది ఏజెంట్లు ఫండ్లను వదిలి, బీమా, మదుపు కలగలిసి, కమీషన్ దండిగా ఉన్న యూలిప్‌ల వైపు మళ్లారు. యూలిప్‌లు ఎవరి అధీనంలోకి వస్తాయన్న దాని మీద 2010లో సెబీ, బీమా నియంత్రణ సంస్థ వీధికెక్కి పోట్లాడుకుంటే కేంద్రం ఆర్డినెన్స్‌తో తగవు తీర్చాల్సి వచ్చింది. 2013 జనవరి నుంచి ఏజెంటు లేకుండా కొనే ‘డైరెక్ట్’ పథకాలు వచ్చాయి. 2018లో ముందస్తు కమీషన్లు కూడా పోయి, ట్రెయిల్ ఒక్కటే మిగిలింది. మదుపరి కోణంలో చూస్తే ఈ సంస్కరణలన్నీ మంచివే. సొమ్ము నిలిచినంతకాలమే ఏజెంటుకు ఆదాయం కాబట్టి, తీయించడంలో అతనికి లాభం లేదు. అయితే మదుపరికి మేలు చేసిన ఆ నియమమే చేతిలో డబ్బు లేని కుర్రాడికి ఈ వృత్తి తలుపు మూసేసింది. ఈ రెండోదాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

తెలుగు జిల్లాల్లో ఈ పనికి మరో అడ్డంకి ఉంది. ఏజెంటు అనే మాటకే ఇక్కడ మచ్చ పడింది. అగ్రిగోల్డ్ వ్యవహారంలో 32 లక్షల మంది డిపాజిటర్లు, సుమారు 6,380 కోట్ల రూపాయలు ఇరుక్కుపోయాయి. డబ్బు సేకరించింది ఎవరో బయటివాళ్లు కారు. బాబాయిలు, మేనమామలు, వీధి చివరి పంతుళ్లు. కంపెనీ మునిగాక జనం పట్టుకున్నది వాళ్లనే. కాబట్టి ఫండ్ల ఏజెంటుకూ ఆ ఏజెంటుకూ తేడా ఎక్కడుందో ఒకటికి రెండుసార్లు చెప్పాలి. ఫండ్‌లో మదుపరి సొమ్ము తన బ్యాంకు ఖాతా నుంచి నేరుగా ఫండ్ ఖాతాకు వెళ్తుంది. తిరిగొచ్చేటప్పుడూ తన ఖాతాకే వస్తుంది. మధ్యలో ఏజెంటు ఖాతా ఉండదు, ఉండకూడదు. యూనిట్ల లెక్క రాసేది రిజిస్ట్రార్లు. దేశంలో ఆ పని ప్రధానంగా చేసే రెండు సంస్థల్లో ఒకటైన కేఫిన్‌టెక్ ఉన్నది హైదరాబాదులోనే. అది ఒకప్పటి కార్వీ గొడుగు కిందనుంచి విడిపోయిన సంస్థ. 2019 నవంబరులో ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టినందుకు సెబీ వేటు వేసింది కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద. పేర్లు ఒకేలా ఉండడంతో చాలామంది ఆ రెంటినీ కలిపేసి భయపడ్డారు.

సొమ్ము భద్రంగా ఉండడం వేరు, విలువ తగ్గకపోవడం వేరు. ఈ ముక్క చెప్పని ఏజెంటు సగమే చెప్పినట్టు. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 3,935 పాయింట్లు, అంటే 13 శాతానికి పైగా కూలింది. ఆ వారంలో బెదిరి అమ్ముకున్నవాళ్లు నష్టపోయారు, పట్టుకుని కూర్చున్నవాళ్లు ఏడాది తిరగకముందే కోలుకున్నారు. ఈక్విటీ అంటే ఇదేనని సరిపెట్టుకోవచ్చు. మరుసటి నెలలోనే, ఏప్రిల్ 23న, ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఫండ్ సంస్థ ఆరు డెట్ (రుణపత్రాల) పథకాలను మూసేసింది. ఎఫ్‌డీకి బదులుగా, భయం లేనివని చెప్పి అమ్మిన పథకాలవి. మదుపరులకు డబ్బు దఫాలవారీగా తిరిగొచ్చింది గానీ, పెళ్లికో ఆసుపత్రికో దాచుకున్న సొమ్ము అవసరమైన రోజున చేతికి రాలేదు.

ఇక త్రిపురారం సంగతి. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ నీటి మీద, మిర్యాలగూడ బియ్యం మిల్లుల మీద బతికే మండలం ఇది. ఇక్కడ ఫండ్‌కు పోటీ బ్యాంకు ఎఫ్‌డీ కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీ పోటీ. ఏడాదికి 24 శాతం. దాని పక్కనే చిట్టీ, బంగారం, హైవే పక్కన ప్లాటు. ‘నీ ఫండ్ ఎంత ఇస్తది?’ అంటే ఏజెంటు అంకె చెప్పకూడదు, రాబడికి హామీ ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. రెండు రూపాయల వడ్డీ ఇస్తానన్నవాడు అసలే ఎగ్గొట్టే అవకాశాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ 24 శాతం ఎంతకు దిగుతుందో మెల్లగా విడమర్చి చెప్పగలిగినవాడే ఇక్కడ నిలబడతాడు. ఈ మండలంలోని కంపసాగర్‌లో వ్యవసాయ పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. విత్తనం మార్చాలంటే శాస్త్రవేత్తను అడిగే రైతుకు, వడ్లు అమ్మిన పైసలు ఎక్కడ పెట్టాలో అడగడానికి అలాంటి చోటు ఒక్కటీ లేదు.

నెలనెలా కట్టే సిప్ జీతగాళ్ల కోసం పుట్టిన ఏర్పాటు. ఆయకట్టులో వానాకాలం వడ్ల డబ్బు ఏడాది చివర్లో వస్తుంది, యాసంగిది ఏప్రిల్, మే నెలల్లో. మధ్య నెలల్లో ఖాతా ఖాళీ. ఐదో తారీఖున బ్యాంకు నుంచి సిప్ కోత పడాల్సి ఉండి, ఖాతాలో పైసలు లేకపోతే బ్యాంకు జరిమానా వేస్తుంది. రెండు జరిమానాలు పడ్డాక ఏ రైతు అయినా ఫండ్‌ను తిట్టుకుంటూ మానేస్తాడు. 2023-24లో సాగర్‌లో నీళ్లు లేక ఎడమ కాల్వ కింద యాసంగి వేయలేని పరిస్థితి వచ్చింది. అలాంటి ఏడాది సిప్ ఆగడం మదుపరి తప్పు కాదు. నిజానికి రైతుకు సరిపడే పద్ధతులు ఉన్నాయి. పంట డబ్బు ఒకేసారి లిక్విడ్ ఫండ్‌లో వేసి, అక్కడి నుంచి నెలకు కొంత ఈక్విటీలోకి మళ్లించవచ్చు, లేదా మూడు నెలలకోసారి కట్టే సిప్ పెట్టుకోవచ్చు. లిక్విడ్ ఫండ్ మీద ఏజెంటుకు దక్కే కమీషన్ దాదాపు నామమాత్రం. కాబట్టి ఆ పద్ధతి గురించి చెప్పే ఏజెంటు తన ఆదాయాన్ని వదులుకుని చెబుతున్నాడని గుర్తించాలి.

ఏజెంటే ఎందుకు, ఫోన్‌లో డైరెక్ట్ పథకం కొనుక్కోవచ్చు కదా అనే వాదన బలమైనదే. నెలకు 2,000 చొప్పున 20 ఏళ్లు, ఏటా 12 శాతం పెరిగిందనుకుంటే 19 లక్షల 80 వేల దాకా చేరుతుంది. కమీషన్ కింద 0.8 శాతం పోతే 17 లక్షల 80 వేలు. తేడా 2 లక్షలు. చదువుకుని, మార్కెట్ పడినప్పుడు చేతులు కట్టుకుని కూర్చోగలిగినవాళ్లు ఈ 2 లక్షలు ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. నా అనుమానం మిగతావాళ్ల గురించి. 2025 జనవరిలో దేశంలో కొత్తగా మొదలైన సిప్‌ల కన్నా ఆగిపోయినవే ఎక్కువ. 2024 సెప్టెంబరు నుంచి మార్కెట్ జారుతున్న కాలమది. యాప్ ఎవరి ఇంటికీ వచ్చి ‘ఆగవయ్యా’ అనదు. ఏజెంటు అంటాడా లేదా అన్నది అతని మీద ఆధారపడి ఉంటుంది. అన్నాడంటే ఆ 2 లక్షలు గిట్టుబాటే. ఫారం నింపించి కనపడకుండా పోతే మాత్రం 20 ఏళ్లపాటు ఊరికే కప్పం కట్టినట్టు.

కమీషన్లు పూర్తిగా ఎత్తేసిన దేశాలు ఏం చూశాయి? బ్రిటన్ 2012 డిసెంబరు 31తో కమీషన్లకు స్వస్తి చెప్పి, సలహాకు విడిగా రుసుము కట్టమంది. సలహాదారుల అర్హతలు పెరిగాయి, మోసపు అమ్మకాలు తగ్గాయి. చిన్న మొత్తాలవాళ్లు మాత్రం రుసుము కట్టలేక సలహాకే దూరమయ్యారు. దాన్నెలా పూడ్చాలో ఆ దేశం ఇప్పటికీ తర్జనభర్జన పడుతోంది. ఆస్ట్రేలియా 2013లో నిషేధించి, ఆర్థిక రంగం మీద హేన్ రాయల్ కమిషన్ విచారణ తర్వాత 2021 జనవరి నుంచి పాత కమీషన్లనూ తుడిచేసింది. అక్కడ 28,000 వరకు ఉన్న సలహాదారుల సంఖ్య కొన్నేళ్లలో 16,000 దరిదాపులకు పడిపోయింది. అమెరికా కమీషన్ల దారినే ఉంచుకుంది. 1922లో సెయింట్ లూయిస్‌లో పుట్టిన ఎడ్వర్డ్ జోన్స్ అనే బ్రోకరేజీ సంస్థ చిన్న ఊళ్లలో ఒక్క మనిషి కూర్చునే ఆఫీసులు వేలల్లో పెట్టి పెరిగింది. త్రిపురారం లాంటి ఊళ్లకు అచ్చంగా సరిపోయే నమూనాలాగా కనిపిస్తుంది. ఆ సంస్థే, కొన్ని ఫండ్ కంపెనీల నుంచి తీసుకున్న ముడుపుల సంగతి ఖాతాదారులకు చెప్పనందుకు 2004లో 7.5 కోట్ల డాలర్లు కట్టి కేసు రాజీ చేసుకుంది. ఊళ్లో పరిచయస్తుడైనంత మాత్రాన ప్రయోజనాల మధ్య ఘర్షణ మాయం కాదు.

మనకు మరింత దగ్గరి పాఠం జపానుది. అక్కడ కూడా పోస్టాఫీసు మీద ముసలివాళ్లకు నమ్మకం ఎక్కువే. ఆ నమ్మకాన్నే పెట్టుబడిగా చేసి, టార్గెట్ల ఒత్తిడిలో తపాలా సిబ్బంది వృద్ధులచేత పాత బీమా పాలసీలు మాన్పించి కొత్తవి కట్టించిన వ్యవహారం 2019లో బయటపడింది. అమ్మకాలు ఆపేయాల్సి వచ్చింది, జపాన్ పోస్టు సంస్థల అధిపతులు రాజీనామా చేశారు. మన తపాలా శాఖ కూడా సిబ్బందికి శిక్షణ ఇచ్చి వాళ్ల ద్వారా ఫండ్లు అందించేందుకు 2025 చివర్లో స్టాక్ ఎక్స్ఛేంజి బీఎస్ఈతో ఒప్పందం చేసుకుంది. ఊరి పోస్టుమ్యాన్‌కు నెలవారీ టార్గెట్ పెట్టిన రోజున మన కథా జపాను దారే పడుతుంది.

మరి మండలాల్లో ఈ పని ఎవరు చేయాలి? సెబీ 2012లోనే ఒక మంచి సమాధానం చెప్పింది. రిటైరైన ఉపాధ్యాయులు, పదేళ్ల సర్వీసు చేసి రిటైరైన ప్రభుత్వోద్యోగులు, బ్యాంకు అధికారులు, పోస్టల్ ఏజెంట్లు, బ్యాంకు మిత్రలు ఒక చిన్న పరీక్ష రాసి, సాదాసీదా పథకాలు మాత్రమే అమ్మే కొత్త తరగతిని సృష్టించింది. అంటే పింఛనో, వేరే ఆదాయమో ఉండి, తొలి నాలుగేళ్లు కమీషన్ కోసం కళ్లు కాయలు కాసేలా చూడనక్కర్లేనివాళ్లు. ఊరికి వాళ్ల ముఖం తెలుసు, వాళ్లకు ఊరు తెలుసు. ఇంత చక్కటి ఆలోచనను ప్రచారం లేకుండా వదిలేశారు. ‘మ్యూచువల్ ఫండ్స్ సహీ హై’ అని 2017 నుంచి టీవీల్లో మోగించిన సంస్థలు, రిటైరైన పంతులు ఈ పని చేయవచ్చని ఎక్కడా చెప్పినట్టు కనపడదు. అప్పుడే డిగ్రీ ముగించిన నిరుద్యోగి దీన్ని ఏకైక జీవనాధారంగా నమ్ముకోవడం మాత్రం ప్రమాదం. రెండో ఏడాదికల్లా అతను బీమాలోకి మారతాడు, లేదా అధిక రాబడి ఆశ చూపే ఏదో కంపెనీ బ్రోచర్ పట్టుకుని అదే వంద ఇళ్లు తిరుగుతాడు.

చిన్న ఊళ్ల కోసం ప్రోత్సాహకాలు పెట్టిన అనుభవమూ ఉంది. తొలి 15 నగరాలు, తర్వాత తొలి 30 నగరాల అవతలి నుంచి తెచ్చే సొమ్ముకు అదనపు కమీషన్ ఇచ్చారు. దుర్వినియోగం జరుగుతోందని 2023 మార్చి నుంచి ఆపేశారు. 2025 నవంబరులో సెబీ మళ్లీ కొత్త ఏర్పాటు ప్రకటించింది. 30 నగరాల అవతల కొత్తగా వచ్చే మదుపరి, లేదా ఎక్కడైనా కొత్తగా చేరే మహిళ తొలిసారి పెట్టిన మొత్తం మీద, సిప్ అయితే తొలి ఏడాది కట్టిన మొత్తం మీద, 1 శాతం, గరిష్ఠంగా 2,000 రూపాయలు ఏజెంటుకు అదనంగా వస్తుంది. ఏడాదిపాటు సొమ్ము నిలవాలి. గరిష్ఠ పరిమితి, నిలకడ షరతు రెండూ తెలివైనవే. నేనైతే ఇంకొంత దూరం వెళ్తాను. కమీషన్ మొత్తాన్ని శాతాలకే వదిలేయకుండా, పని చేసినందుకు నిర్ణీత రుసుము కూడా ఇవ్వాలి. మదుపరి చనిపోతే నామినీ పేరు మీదికి యూనిట్లు మార్పించడం, కేవైసీ పేరు తప్పు సరిచేయించడం, పెళ్లయ్యాక ఇంటి పేరు మారిన మహిళ కాగితాలు చక్కబెట్టడం లాంటి పనులకు ఇప్పుడు విడిగా పైసా రాదు. ఏజెంటు ఊళ్లో ఉండాల్సింది ముఖ్యంగా వీటికే. ఖాతా వివరాల పత్రం తెలుగులో పంపాలి. ఏఆర్ఎన్ నంబరు యాంఫీ వెబ్‌సైటులో ఎలా సరిచూసుకోవాలో పంచాయతీ గోడ మీద రాయించాలి. ‘సలహాదారు’ అని బోర్డు పెట్టుకునే హక్కు డిస్ట్రిబ్యూటరుకు లేదన్నది కూడా ఆ గోడ మీదే ఉండాలి. సెబీ దగ్గర విడిగా నమోదైన అసలు సలహాదారులు దేశం మొత్తం మీద వెయ్యికి అటూ ఇటూగానే ఉన్నారు. వాళ్లలో ఒకరు త్రిపురారం వస్తారని ఎదురుచూడడం దండగ.

ఈ శాతాల కమీషన్ విధానానికి గట్టి పరీక్ష 2025 ఫిబ్రవరిలో వచ్చిన 250 రూపాయల చిన్న సిప్. కూలీకి, కౌలు రైతుకు, పొదుపు సంఘం మహిళకు ఫండ్‌ను అందుబాటులోకి తెచ్చే మొత్తం అది. ఏడాదికి 3,000 కడతారు. మనం పైన అనుకున్న 0.8 శాతం లెక్కన తొలి ఏడాది ఏజెంటుకు ట్రెయిల్ 13 రూపాయలు, కొత్త ప్రోత్సాహకం వర్తిస్తే మరో 30. మొత్తం 43. దీని కోసం కేవైసీకి ఒకసారి, బ్యాంకు అనుమతి పెట్టించడానికి ఒకసారి, అది తిరస్కరణకు గురైతే ఇంకోసారి ఆ ఇంటికి వెళ్లాలి. నాట్ల కాలంలో అయితే ఇంట్లో ఎవరూ ఉండరు, పొలం గట్టు దాకా పోవాలి.